ధరలు వెదకు యంత్రము

సింగరేణి గనులలో పనిచేయు కార్మికులకు లాభములలో వాటా, దీపావళి బోనసు సాధారణముగా దసరా, దీపావళి పండుగల దినములలో చేతికి అందును. అప్పుడు గోదావరిఖని అంగళ్ళు రాత్రి పొద్దుపోవు వరకు కిటకిటలాడుచుండును. ఏడాది పొడవునా వాయిదా వేసికొన్న కొనుగోళ్ళన్నియు, అనగా మిక్సీ, కుట్టుమిషను, ఫ్రిజ్జు, పిల్లవాని చదువునకు కంప్యూటరు, ఆ కొద్ది రోజులలోనే జరిగిపోవును. సరిగా ఆ దినములలోనే చేతిలోని ఫోనునందు "భారీ తగ్గింపు" అను ప్రకటనలు వెల్లువెత్తును. ఒకే మిక్సీకి ఒకచోట ఒక ధర, మరొకచోట మరొక ధర కనబడును. బావిలో దిగి సంపాదించిన సొమ్మును ఎక్కడ ఇచ్చినచో ఎక్కువ విలువ వచ్చునో తేల్చుకొనుట అంత సులభము కాదు.

ఈ ధరలను ఒకచోట చేర్చి, వరుసగా పేర్చి చూపు చిన్న చిన్న వెబ్‌సైటులు కలవు. వీనిని నడుపుటకు కర్మాగారము అక్కరలేదు. ఒక గది, ఒక కంప్యూటరు, ఇంటర్నెట్టు ఉన్న చాలును. గోదావరిఖనిలో ఒక యువకుడు ఇట్టి వెబ్‌సైటును నడుపదలచినాడని అనుకొందము. అతడు చేయవలసిన పని ఏమి? అతని శ్రమకు కూలి ఎవరు ఇత్తురు? అతడు చూపిన వరుసను కొనువాడు ఎంతవరకు నమ్మవచ్చును? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసికొన్నచో, ప్రపంచములోని పెద్ద పెద్ద శోధనయంత్రములు పనిచేయు తీరు కూడ చాలవరకు బోధపడును.

వెదకుటకును వెల కలదు

ఒకే వస్తువునకు ఒకే ఊరిలో పలు ధరలు ఎందుకుండును? అమెరికా ఆర్థికశాస్త్రవేత్త జార్జి స్టిగ్లరు 1961లో ప్రచురించిన ఒక వ్యాసములో ఈ ప్రశ్నను తీసికొనెను. ఆయన ఇచ్చిన ఉదాహరణలలో ఒకటి బొగ్గు. 1953 ఏప్రిల్‌లో వాషింగ్టను నగరములో ఆంత్రసైటు అను మేలిరకపు బొగ్గును సరఫరా చేయుటకు వర్తకులు చెప్పిన ధరలు టన్నుకు 15.46 డాలర్ల నుండి 18.92 డాలర్ల వరకు ఉండెను. సగటు 16.90 డాలర్లు. ఈ తేడాలో కొంత భాగము సరుకులోను, సేవలోను ఉండు తేడా వలన రావచ్చును. మిగిలిన దానికి కారణము కొనువానికి అన్ని ధరలు తెలియకపోవుటయే అని స్టిగ్లరు వివరించెను. తెలిసికొనుటకు కాలము, శ్రమ, ధనము ఖర్చగును. అనగా సమాచారము కూడ ఒక సరుకే; దానికిని వెల కలదు. ఈయనకు 1982లో ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

దీనిని ఒక లెక్కతో చూతము. ఒక మిక్సీ ధర 2,000 నుండి 3,000 రూపాయల మధ్య ఎంతైనను ఉండవచ్చుననియు, ఆ హద్దులలో ప్రతి ధరకును సమానావకాశము కలదనియు అనుకొందము. ఒక్క దుకాణములోనే అడిగి కొన్నచో సగటున 2,500 రూపాయలు పడును. రెండు దుకాణములు తిరిగి తక్కువ ధరకు కొన్నచో సగటు 2,333కు దిగును. మూడింటిలో అడిగినచో 2,250, నాలుగింటిలో 2,200. దీనికొక సూత్రము కలదు. దుకాణముల సంఖ్యకు ఒకటి కలిపి, ఆ మొత్తముతో ధరల తేడాయైన 1,000ని భాగించి, 2,000కు కలిపినచో సగటు కనిష్ఠధర వచ్చును.

రెండవ దుకాణము వలన 167 రూపాయలు, మూడవ దాని వలన 83, నాలుగవ దాని వలన 50 మాత్రమే మిగులుచున్నవని గమనింపవలెను. ఒక్కొక్క దుకాణమునకు వెళ్ళుటకు ఆటో ఖర్చు, పోయిన సమయము కలిపి 60 రూపాయలు అగునని అనుకొన్నచో, తెలివైన కొనుగోలుదారు మూడవ దుకాణముతో ఆగిపోవును. నాలుగవ దానికి పోయినచో వచ్చు లాభము కంటె ఖర్చే ఎక్కువ.

ఇప్పుడు ఒక యంత్రము వచ్చి ఈ ఖర్చును 60 రూపాయల నుండి ఒక్క రూపాయికి దించినదనుకొందము. అదే లెక్క ప్రకారము 31 దుకాణముల వరకు వెదకుట లాభదాయకము. సగటున 2,031 రూపాయలకే మిక్సీ వచ్చును. మూడు దుకాణములు తిరిగినవాని కంటె ధరలో 219 రూపాయలు మిగులును. చిన్న వెబ్‌సైటు నడుపు యువకుడు అమ్మునది వస్తువు కాదు. ఈ ఆదాయే అతని సరుకు.

ఖాళీ సీటు కొరకు వెదకులాట

తెలుగువారి అనుభవములోనే దీనికి చక్కని దృష్టాంతము కలదు. 2005 దీపావళికి బెంగుళూరు నుండి తెలంగాణములోని ఇంటికి రావలెనని ఫణీంద్ర సామ అను యువ ఇంజనీరు బస్సు టిక్కెట్టు కొరకు తిరిగెను. టిక్కెట్టు దొరకలేదు. ఏదో ఒక బస్సులో ఏదో ఒక సీటు ఖాళీగా ఉండియే ఉండును. కాని ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలినవో ఒకచోట చెప్పగలవారు లేరు. ఒక్కొక్క ఏజెంటు వద్ద కొన్ని సీట్ల వివరములు మాత్రమే ఉండెను. కొరత సీట్లకు మాత్రమే కాదు, సమాచారమునకు కూడ ఉన్నదని ఆయన గ్రహించెను.

మరుసటి సంవత్సరము, అనగా 2006లో, చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరి అను మిత్రులతో కలిసి ఆయన రెడ్‌బస్ అను వెబ్‌సైటును ప్రారంభించెను. ఏజెంట్ల వద్దను, యజమానుల వద్దను చెదరియున్న సీట్ల వివరములను ఒకచోట చేర్చుటయే దాని ప్రధానకార్యము. ఇందుకై బస్సు యజమానులు తమ సీట్ల పట్టికను కంప్యూటరులోనే ఉంచుకొనునట్లు ఒక ప్రోగ్రామును కూడ వారు తయారుచేసిరి. ఆ సంస్థను 2013లో ఐబిబో అను సంస్థ కొనివేసెను. చిన్నగా మొదలైన శోధన వ్యాపారము ఎంత పెద్దది కాగలదో ఈ కథ చూపుచున్నది.

సేకరణ

మన యువకుని మొదటి పని సమాచార సేకరణ. బొగ్గు త్రవ్వుటకు ముందు భూమిలో అక్కడక్కడ బోరు రంధ్రములు వేసి, పొరలు ఎక్కడ ఎంత మందమున ఉన్నవో తెలిసికొందురు. శోధనయంత్రము కూడ ఇట్టి అన్వేషణతోనే మొదలగును. ఒక పుటను తెరచి, చదివి, అందులో ఉన్న లింకుల వెంట ఇతర పుటలకు పోయి, వానిని చదువు ప్రోగ్రామును క్రాలరు అందురు. ఒక పుస్తకము చివర పేర్కొన్న గ్రంథములను చదివి, వాని చివర పేర్కొన్న గ్రంథములకు పోవు విద్యార్థి వలెనే ఇదియు నడచును.

అయితే పరుల ఇంట చొరబడుటకు మర్యాద కలదు. ఏ పుటలను యంత్రములు చదువవచ్చునో, ఏవి చదువరాదో తెలుపు చిన్న చీటీని ప్రతి వెబ్‌సైటు తన వాకిట ఉంచుకొను సంప్రదాయము 1994లో ఏర్పడెను. మర్యాద గల క్రాలరు ముందు ఆ చీటీని చదువును. ఒక్క సెకనులో వందలసార్లు తలుపు తట్టి అవతలివారి కంప్యూటరును అలసటపెట్టదు.

చిన్న వెబ్‌సైటు లోకమంతయు గాలించనక్కరలేదు. పెద్ద ఆన్‌లైను అంగళ్ళు పలువురు తమ సరుకుల పట్టికలను, ధరలను ఒప్పందము చేసికొన్న వారికి తామే పంపుదురు. యువకుని కంప్యూటరు వానిని నియమిత వేళలలో తెచ్చుకొనును. ఇచ్చట జాగ్రత్త అవసరము. ఉదయము తెచ్చిన ధర సాయంత్రమునకు మారిపోవచ్చును. కనుక ధర ప్రక్కన దానిని తీసికొన్న గంట, నిమిషము కూడ చూపుట నిజాయితీ గల పద్ధతి.

సూచిక

సేకరించిన పుటలు లక్షలలో ఉన్నచో, ఎవరో ఒక మాట అడిగిన ప్రతిసారియు వానినన్నింటిని మొదటి నుండి చదువుట సాధ్యము కాదు. అందుచేత ముందుగనే సూచికను తయారుచేయుదురు. పాఠ్యపుస్తకము చివర ఏ పదము ఏ పుటలో ఉన్నదో తెలుపు అకారాది పట్టిక వంటిదే ఇది.

మూడు ప్రకటనలు ఉన్నవనుకొందము. మొదటిది "రాగితీగ మోటారు మిక్సీ". రెండవది "గాజు జాడీ మిక్సీ". మూడవది "రాగితీగ చుట్ట". సూచికలో "మిక్సీ" అను పదము కెదురుగా 1, 2 అనియు, "రాగితీగ" కెదురుగా 1, 3 అనియు ఉండును. ఒకరు "రాగితీగ మిక్సీ" అని అడిగినచో ఆ రెండు పట్టికలలోను సామాన్యముగా ఉన్న సంఖ్య 1 మాత్రమే. తరగతిలో నేర్పు సమితుల ఛేదనమే ఇది. వేరొక మంత్రమేమియు లేదు.

సూచికలో పదములు అకారాది క్రమమున ఉండుట వలన మరొక సౌకర్యము కలదు. మధ్య పదమును చూచి, కావలసినది ముందున్నదో వెనుక ఉన్నదో తేల్చి, సగమును విడిచిపెట్టవచ్చును. ఇట్లు సగము, సగములో సగముగా పోయినచో, పది లక్షల పదములలో కావలసిన దానిని 20 పోలికలలో పట్టుకొనవచ్చును. రెండును 20 సార్లు గుణించినచో 10,48,576 వచ్చుటయే ఇందుకు కారణము.

పదములన్నియు సమానమైన విలువ గలవి కావు. "మంచి" అను మాట ప్రతి ప్రకటనలోను ఉండును. "రాగితీగ" కొన్నింటిలోనే ఉండును. అరుదైన పదమునకు ఎక్కువ తూకము ఇయ్యవలెనని 1972లో బ్రిటిషు శాస్త్రజ్ఞురాలు కారెన్ స్పార్క్ జోన్స్ సూచించెను. ఈ సూత్రము నేటికిని శోధనయంత్రములలో ఉపయోగపడుచున్నది.

తెలుగులో వెదకుట

తెలుగునకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని కలవు. మిక్సీలు, మిక్సీకి, మిక్సీలో, మిక్సీయు అని విభక్తులు, ప్రత్యయములు పదమునకు అంటుకొనిపోవును. కంటికి ఇవన్నియు ఒకే వస్తువు. యంత్రమునకు మాత్రము వేరువేరు పదములు. తోక తొలగించి మూలపదమును పట్టుటకు నియమములు వ్రాయవలెను. సంధి జరిగినచోట ఇది ఇంకను కష్టము. సింగరేణి అని ఒకరు, శింగరేణి అని ఒకరు వ్రాయుదురు. ఫ్రిజ్, ఫ్రిజ్జు, ఫ్రిడ్జి అని ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా వ్రాయుదురు.

కంప్యూటరులో తెలుగు లిపికి యూనికోడ్ పట్టికలో 128 స్థానములు కేటాయింపబడినవి. వీనితోబాటు కంటికి కనబడని గుర్తొకటి కూడ మన వ్రాతలో దాగియుండును. "వెబ్‌సైటు" అను పదమును పొల్లు బకారముతో వ్రాయవలెనన్నచో ఆ పొల్లు తరువాత ఈ గుర్తును ఉంచవలెను. లేనిచో సకారము ఒత్తుగా క్రిందికి పోవును. ఇదే గుర్తు పదము చివర మిగిలిపోయినచో చదువరికి ఏ తేడాయు కనబడదు. యంత్రము మాత్రము అది వేరొక పదమనుకొని "దొరకలేదు" అని చెప్పును. తెలుగులో శోధన విఫలమగుటకు కారణము కొన్నిసార్లు ఇంత సూక్ష్మముగా ఉండును.

రెండు అంగళ్ళు ఒకే మిక్సీని వేరువేరు పేర్లతో వర్ణించినచో, రెండును ఒకటేనని తేల్చుటకు పెట్టెమీది చారల గుర్తు క్రిందనున్న 13 అంకెల సంఖ్య సాయపడును. భారతదేశమున నమోదైన సంఖ్యలు 890తో మొదలగును. చివరి అంకె తప్పులు పట్టుటకు ఉన్న కాపలాదారు. ఉదాహరణకు 890123456789 అను 12 అంకెలను తీసికొందము. బేసి స్థానముల మొత్తము 28. సరి స్థానముల మొత్తము 34. దానిని మూడుతో గుణించినచో 102. రెండును కలిపినచో 130. దీనిని పదితో భాగించినచో శేషము లేదు కనుక 13వ అంకె 0. శేషమున్నచో, మొత్తమును తరువాతి పదుల సంఖ్యకు చేర్చునట్టి అంకెను చివర ఉంచుదురు. విద్యార్థులు ఇంటిలోని సబ్బు పెట్టెపై ఈ లెక్కను సరిచూడవచ్చును.

ఏ కొలతతో వరుస?

సూచిక వేయి ఫలితములను ఇచ్చినచో వానిలో ముందు నిలుపవలసినది ఏది? ఇదియే అన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్న. ఏలయన, చాలమంది మొదటి కొన్ని ఫలితములను చూచి ఊరకుందురు.

1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు సెర్గీ బ్రిన్, లారీ పేజ్ ఒక ఉపాయమును వివరించిరి. ఒక పుట మరొక పుటకు లింకు ఇచ్చుటను ఒక సిఫారసుగా గణింపవలెను. గొప్ప పుట చేసిన సిఫారసునకు విలువ ఎక్కువ. క, చ, ట అను మూడు పుటలున్నవనుకొందము. క అనునది చ, ట రెండింటికి, చ అనునది టకు, ట అనునది కకు లింకు ఇచ్చినవి. మొత్తము గౌరవము ఐదు పాళ్ళయినచో కకు 2, చకు 1, టకు 2 వచ్చును. క తన రెండు పాళ్ళను చెరిసగము పంచును. చ తనకు వచ్చిన ఒక పాలును టకు ఇచ్చును. ట తన రెండు పాళ్ళను కకు తిరిగి ఇచ్చును. లెక్క సరిపోయినది. గూగుల్ శోధనయంత్రము ఈ సూత్రముపై మొదలయ్యెను. తరువాత దానికి ఇంకను అనేక కొలతలు చేరినవి.

ఇచ్చట బొగ్గు సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. మన దేశమున బొగ్గును జి-1 నుండి జి-17 వరకు 17 తరగతులుగా విభజించుదురు. కొలత ఒక్కటే: ఒక కిలో బొగ్గు మండినచో వచ్చు ఉష్ణము. 7,000 కిలో కేలరీలకు మించినది జి-1. తరువాతి ఒక్కొక్క తరగతి వెడల్పు 300 కిలో కేలరీలు. ఎవరికైనను అనుమానము కలిగినచో నమూనా తీసి ప్రయోగశాలలో మండించి చూడవచ్చును. తరగతి నిర్ణయములో తగవులు రావచ్చును గాని, ఏ కొలతతో నిర్ణయించిరో అందరికిని తెలియును. శోధనయంత్రము ఇచ్చు వరుసకు ఇట్టి బహిరంగమైన కొలత ఉన్నదా?

కూలి ఇచ్చువారెవరు?

మన యువకుని వెబ్‌సైటును చూచువారు అతనికి పైసా ఇయ్యరు. అతడు ఇచ్చిన లింకు ద్వారా పోయి ఎవరైన వస్తువు కొన్నచో, అంగడివారు కమీషను ఇత్తురు. లింకులో అతని గుర్తుసంఖ్య దాగియుండును. కొనువాని ఫోనులో కుకీ అను చిన్న చీటీ నిలిచి, ఇతడు ఫలానా చోటినుండి వచ్చినాడని కొంతకాలము జ్ఞప్తి యుంచుకొనును. వస్తువును తిప్పి పంపు గడువు ముగిసిన పిదపనే సాధారణముగా కమీషను ఖాయమగును.

ఇప్పుడొక ధర్మసంకటము. ఒక ఫ్రిజ్జును మొదటి అంగడి 18,000 రూపాయలకు అమ్మి 2 శాతము కమీషను ఇచ్చుననుకొందము. యువకునికి వచ్చునది 360 రూపాయలు. రెండవ అంగడి 18,600కు అమ్మి 5 శాతము ఇచ్చును. అతనికి 930 వచ్చును. రెండవ దానిని పైన నిలిపినచో అతనికి 570 రూపాయలు అదనము. కొనువానికి 600 రూపాయలు నష్టము. వరుసలో ఒక్క మెట్టు మారిన చాలును. ఎవరును అబద్ధమాడలేదు; రెండు ధరలును నిజమైనవే. అయినను, 31 దుకాణములు వెదకినానని నమ్మిన కొనుగోలుదారు నిజమునకు ఒక్క దుకాణమునకే పోయినవాడగుచున్నాడు.

ప్రకటనల ఆదాయముతో నడచు శోధనయంత్రము సహజముగనే ప్రకటనదారుల వైపు మొగ్గునని 1998 నాటి తమ వ్యాసములోనే బ్రిన్, పేజ్ హెచ్చరించిరి. తరువాతి కాలమున వారి సంస్థపైననే ఇట్టి అభియోగము వచ్చుట గమనింపదగినది. బ్రిటనులో ఆడమ్ రాఫ్, శివాన్ రాఫ్ అను దంపతులు 2006లో ఫౌండెం అను ధరల పోలిక వెబ్‌సైటును ప్రారంభించిరి. కొలది దినములలోనే అది గూగుల్ వరుసలో అట్టడుగునకు పోయెను. 2009లో వారు ఐరోపా కమిషనుకు ఫిర్యాదు చేసిరి. గూగుల్ తన సొంత ధరల పోలిక సేవను పైన నిలిపి, ఇతరులను క్రిందికి నెట్టుచున్నదని నిర్ణయించి, కమిషను 2017 జూన్‌లో 242 కోట్ల యూరోల జరిమానా విధించెను. ఐరోపా అత్యున్నత న్యాయస్థానము 2024 సెప్టెంబరులో దానిని ఖాయపరచెను. కాని ఫౌండెం 2016లోనే మూతపడియుండెను. వరుసలో స్థానము ఎంత విలువైనదో ఇంతకంటె వేరే నిదర్శనము అక్కరలేదు.

మన దేశమున 2020 జులైలో వెలువడిన ఈ-కామర్స్ నియమముల ప్రకారము, పలువురు వర్తకులకు వేదికయైన ఆన్‌లైను అంగడి తన వరుసను నిర్ణయించు ముఖ్యమైన కొలతలను సులభమైన మాటలలో వివరింపవలెను. 2023 నవంబరులో 13 రకముల మోసపు పద్ధతులను నిషేధించు మార్గదర్శకములు వచ్చినవి. ప్రకటనను వార్త వలె మారువేషములో చూపుట, "ఇక రెండే మిగిలినవి" అని లేని తొందర కల్పించుట వీనిలో చేరియున్నవి.

తగ్గింపు శాతములోను మెలకువ అవసరము. గరిష్ఠ ధర 5,000 అని ముద్రించిన వస్తువును అంతటను 2,500కే అమ్ముచున్నచో, "50 శాతము తగ్గింపు" అను మాటకు అర్థము లేదు. గడచిన నెలలలో ఆ వస్తువు నిజముగా ఏ ధరకు అమ్ముడుపోయినదో చూపు వెబ్‌సైటు కొనువానికి మేలు చేయును.

కనుక ధరల వరుసను చూచు ప్రతివాడును మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ వరుస ఏ కొలతతో పేర్చబడినది? ఈ ధర ఎప్పుడు తీసినది? దీనిని చూపినవారికి కూలి ఎవరు ఇచ్చుచున్నారు? వెబ్‌సైటు నడుపు యువకుడు ఈ మూడింటికిని తన పుటమీదనే సమాధానము వ్రాసియుంచినచో, కమీషను తీసికొనుటలో తప్పేమియు లేదు. అది అతని శ్రమకు న్యాయమైన కూలియే. మోసపోయినవారు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు, సైబరు నేరమైనచో 1930కు ఫోను చేయవచ్చును.

రామగుండము ప్రాంతమున బొగ్గు కొనువాడు దాని తరగతిని బిల్లుమీద చూడకుండ డబ్బు చెల్లింపడు. అదే ఊరిలో ఫోనులో ఫ్రిజ్జు కొనువాడును వరుస యొక్క తరగతిని అడుగుట నేర్చుకొనవలెను.